కింద పెట్టిన చెక్క

పాత పోస్టాఫీసు సందులో, మేడ మీద,
ఫ్యాను తిరిగినప్పుడల్లా కాగితాలు లేచి కూర్చునే గదిలో
ఇరవై రెండేళ్లుగా నా పని ఒకటే:
ఓడెక్కే సరుక్కి పేరూ, బరువూ, ధరా రాయడం.

సముద్రానికి గోడలుండవని ఎవరైనా అంటే
నాకు నవ్వొస్తుంది.
మా షిప్పింగ్ బిల్లులో సముద్రమంతా గడులే.
ప్రతి గడికీ ఓ అంకె, ప్రతి అంకె మీదా ఓ స్టాంపు.

మొన్న మంగళవారం
మనవాళ్లు ఉల్లిపాయ మీద సుంకం పెంచారు.
శుక్రవారానికల్లా ఆవలి ఒడ్డువాళ్లు
మన ఎండుచేప మీద పెంచారు.
కూరలో కలవడం తప్ప
ఉల్లికీ చేపకీ ఇంతకాలం వేరే సంబంధం లేదు.

"ఇది మన చేతిలో మీట" అన్నాడు
టీవీలో కోటాయన.
మీట అన్నచోట వేలు పైకెత్తాడు.

పదకొండింటికి
సూరాడ కాసులమ్మ మెట్లెక్కి వచ్చింది.
ఆమె కంటే ముందు వాసన వచ్చింది,
ఉప్పూ ఎండా కలిసిన ఫిషింగ్ హార్బర్ వాసన.
"బాబూ, నా సావళ్లు ఎందుకాపీసినారు?"
ఆపలేదమ్మా, అక్కడ సుంకం పెరిగింది.
"నానేటి సేసినాను?"
నువ్వేం చెయ్యలేదు, ఉల్లిపాయ చేసింది.
ఆమె నవ్వలేదు.
నలభై మూటలు, అంది. ముసురు పడితే పురుగు పట్టీసద్ది.
పడవోళ్లకి బాకీ, ఉప్పు కొట్లో బాకీ,
ఎండబెట్టిన ఆడోళ్లు తొమ్మండుగురు,
కాకుల్ని తోలిన గుంటడికి కూడా నానే ఇవ్వాల.

ఫోను కలిపాను.
అటు మోఫిజుల్.
పదేళ్లుగా గొంతు తెలుసు, మొహం తెలీదు.
అతనిది సగం హిందీ, నాది సగం హిందీ,
రెండు సగాలూ కలిపినా ఒకటవదు.
సావళ్లని వాళ్లు ఛురి అంటారు, అంటే కత్తి.
వెండిలా, సన్నగా, బారుగా...
పేరు సరిగ్గానే పెట్టారు.
"తీసుకోలేను దాదా" అన్నాడు.
కాసేపాగి, "మా వీధిలో ఉల్లి కిలో ఎంతో తెలుసా?"
తెలుసన్నాను.
తెలీదు.

"ఆ బాబుకీ నట్టమేనా?" కాసులమ్మ.
అవును.
"మరి లాబం ఎవులికి?"
ఆ గడి నా బిల్లులో లేదు.

కుండలో నీళ్లు ముంచుకు తాగి
గుమ్మం దగ్గర ఆగింది.
కింద టీకొట్లో ఆ కోటాయన మాట
ఆమె కూడా విన్నదట.
"మీటంటే మాకు తెల్దేటి బాబూ?
ఇసకలో బోటు కూరుకుపోతే మీమూ మీటేత్తాం.
దుంగ కింద సెక్క పెడతాం,
నలుగురు మొగోళ్లు ఇటు తొక్కితే
అటు బోటు లెగుత్తాది.
అందరూ బోటునే సూత్తారు.
సెక్క నుజ్జయిపోతాది.
మర్నాడు ఇంకో సెక్క ఎతుక్కోవాల."

ఏదో అనబోయాను.
పోర్టు సైరను మోగింది.
ఆమె దిగిపోయింది.

ఎర్ర ఇంకుతో
నలభై కొట్టేసి సున్నా రాశాను.
చిన్నగా సంతకం.

సాయంత్రం కురుపాం మార్కెట్లో
ఉల్లి గుట్టలు గుట్టలుగా పడుంది.
ఓడెక్కాల్సినదంతా ఇక్కడే, బేరమాడకుండానే చవక.
"తీస్కో గురూ, కుళ్లిపోతంది" అన్నాడు బండివాడు.
ఇంట్లో ఉన్నా రెండు కిలోలు తీసుకున్నాను.
ఏ ఊరి రైతుదో అడగలేదు,
అడిగితే అక్కడా ఓ చెక్క ఉంటుంది.

కాసులమ్మ బల్ల మీద వదిలి వెళ్లిన
నాలుగు సావళ్లూ, మూడు ఉల్లిపాయలూ
ఆ రాత్రి మా ఇంట్లో
ఒకే మూకుట్లో, ఏ స్టాంపూ లేకుండా.

ముద్ద దిగలేదని రాస్తే అబద్ధం.
బాగుంది.
రెండోసారి కూడా వడ్డించుకున్నాను.